కరవని బూట్లు

మా ఆయన కాలి సైజు ఎనిమిది. చొక్కా సైజు అడిగితే తడుముకుంటాను, రక్తం గ్రూపు అడిగితే కార్డు వెతుక్కుంటాను గానీ కాలి సైజు మాత్రం నిద్దట్లో లేపి అడిగినా చెబుతాను. ఎనిమిది. కుడికాలు బొటనవేలి దగ్గర కాస్త వెడల్పు.

పెళ్ళినాడే తెలిసిపోయింది నాకు ఆ సంగతి. మాది గోదావరి వైపు. మా ఊళ్ళో చర్చిని గుడి అనే అంటాం, చెప్పులు మెట్ల దగ్గర విప్పే లోపలికెళ్తాం. పెళ్ళికొడుకైనా అంతే, సూటూ టై అన్నీ వేసుకుని సాక్సులతో నిలబడాల్సిందే. అలాగని కారు దిగేటప్పుడు పెళ్ళికొడుకు కాళ్ళకి బూట్లు లేకపోతే పరువేం కాను? వాళ్ళ పిన్నిగారబ్బాయివి అరువు తెచ్చి తొడిగారు. అవి ఏడు. గుళ్ళో ఉన్నంతసేపూ ఆయన హాయిగానే ఉన్నారు. బయటికొచ్చాకే మొదలైంది. విందూ, ఫొటోలూ, వరసపెట్టి వచ్చే చుట్టాలూ, ఒక్క నిమిషం కూర్చునే వీల్లేదు. ఇప్పటికీ ఆ ఆల్బం చూసినవాళ్ళు పెళ్ళికొడుకుని బలవంతంగా లాక్కొచ్చినట్టున్నారే అంటారు. మా అమ్మ కూడా ఆ రోజు అదే అనుకుని లోపలికెళ్ళి కళ్ళొత్తుకుందట.

సాయంత్రం సందడి సద్దుమణిగాక ఆయన మంచం మీద కూర్చుని సాక్సులు విప్పితే రెండు మడమలకీ తోలు లేచిపోయి ఉంది. నేను కొబ్బరినూనె సీసా తెచ్చి, నేల మీద కూర్చుని రాశాను. పెళ్ళామయ్యాక నేను చేసిన మొదటి పని అదే.

"అబ్బా, మెల్లిగావే," అన్నారు.

"అంత కరుస్తుంటే చెప్పొచ్చు కదండీ."

"ఎవరికి చెప్పనూ? ఆశీర్వదించడానికి స్టేజీ ఎక్కిన పాస్టరుగారికి చెప్పనా, అయ్యా, బూట్లు కరుస్తున్నాయి, తొందరగా కానియ్యండని?"

నవ్వాపుకోలేక నూనె ఒలకబోశాను. అప్పుడన్నారు ఆ మాట. "పెళ్ళికి ఎలాగూ అరువువే అయ్యాయి. పోయేటప్పుడైనా నా సైజువి తొడిగి పంపవే. కరవనివి."

"శుభమా అని పెళ్ళి చేసుకుని అవేం మాటలండీ!" అని చేతి మీద ఒకటిచ్చాను.

తర్వాత తర్వాత అది మా ఇంట్లో ఆటైపోయింది. ఆయన ఎప్పుడు బూట్లు కొనుక్కున్నా, "ఇవి ఆ రోజుకి పనికొస్తాయంటావా?" అనేవారు. నేను, "అవి పనికిరావు, మడమ గట్టిగా ఉంది, మీరింకా చాలాకాలం బతకాలి," అనేదాన్ని. ఖతర్ వచ్చాక ఆ ఆట కూడా తగ్గింది. ఆయన సైట్ సూపర్‌వైజరు. తెల్లారితే ఇనప ముక్కు సేఫ్టీ బూట్లు, పొద్దుగూకితే రబ్బరు చెప్పులు. శుక్రవారం ప్రార్థన కూడికలకి మాత్రం నల్లబూట్ల జత ఒకటి ఉండేది, అది ఎప్పుడో అరిగిపోతే పారేశాం. ఆ తర్వాత ఎవరి పెళ్ళికో ఇంకో జత కొన్నారు. రెండుసార్లు వేసుకుని, పాలిష్ పెట్టి, కాయితంలో చుట్టి, పెట్టెలో పెట్టి అలమర మీద పెట్టారు.

మేముండేది అల్ మన్సూరాలో, పాత బిల్డింగులో చిన్న ఫ్లాటు. గుమ్మం లోపలే, చెప్పుల స్టాండు పక్కన ఓ ప్లాస్టిక్ స్టూలు ఉంటుంది. డ్యూటీ నుంచి రాగానే ఆయన దాని మీద కూర్చుని లేసులు విప్పుకుంటారు. ఈ వేసవి చివర్లో ఓ సాయంత్రం అలాగే కూర్చున్నారు. నేను వంటింట్లోంచి, "ఏవండీ, టీ పెట్టనా?" అన్నాను. పలకలేదు. ఫోన్ చూసుకుంటున్నారేమో అనుకుని పాలు పొయ్యి మీద పెట్టేశాను. బయటికొచ్చి చూస్తే ముందుకి వంగి, స్టాండుకి తలానించి ఉన్నారు. ఒక బూటు విప్పేశారు. రెండోదానికి లేసు సగం విప్పి ఉంది.

ఆ రెండోది నేనే విప్పాను. అంబులెన్సువాళ్ళు వచ్చి ఛాతీ మీద నొక్కుతున్నంతసేపూ ఆ బూటు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళలో ఒకాయన లేచి నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. వంటింట్లో పాలు పొంగి పొయ్యి మీద మాడిన వాసన వచ్చింది. వెళ్ళి కట్టేశాను. తర్వాత పొయ్యి తుడిచాను కూడా. అప్పట్నుంచీ నాకేమీ అనిపించడం మానేసింది.

ఏడుపు రాలేదు. కాకినాడ హాస్టల్లో ఉన్న మా అమ్మాయి ఫోన్లో ఏడుస్తుంటే, నేను దానికి టిక్కెట్టు సంగతి, రైలు సంగతి చెప్పాను. పరామర్శకి వచ్చినవాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఏడుస్తుంటే, వాళ్ళకి టీలో పంచదార వెయ్యనా వద్దా అని అడిగాను. "పాపం, షాక్‌లో ఉంది," అనుకున్నారు. షాకూ లేదు గీకూ లేదు. ఒళ్ళంతా తిమ్మిరెక్కినట్టు ఉండేది. గిల్లినా నాది కాదేమో అన్నట్టు ఉండేది.

ఆయన తమ్ముడు అల్ వక్రాలో ఉంటాడు, ఏదో ఆఫీసులో అకౌంట్లు చూస్తాడు. అన్నీ అతనే పరిగెత్తాడు. కంపెనీ కాయితాలు చూసే మందూబ్ వెంట ఆఫీసులన్నీ తిరిగి సంతకాలు చేయించుకొచ్చాడు. శుక్రవారం సాయంత్రం ఫ్లైటుకి ఖాయమైంది. అదే రోజు పొద్దున ఇంట్లో ప్రార్థన, అక్కణ్ణుంచి మార్చురీకి వెళ్ళి బట్టలిస్తే వాళ్ళు తయారుచేసి పెట్టెలో పెడతారు.

"వదినా, సూటు ఉంది కదా?" అన్నాడు మరిది.

సూటుంది. టై ఉంది. తెల్ల సాక్సులున్నాయి. అలమర మీంచి బూట్ల పెట్టె దించి, కాయితం విప్పి, ఒక బూటు పైకెత్తాను. పై తోలు మాత్రమే చేతికొచ్చింది. అడుగు మొత్తం పెట్టెలోనే ఉండిపోయింది, నల్లగా పొడిపొడిగా, చేత్తో ముట్టుకుంటే రాలిపోతూ. ఈ వేడికి వేసుకున్న బూట్లకంటే దాచుకున్న బూట్లే ముందు పోతాయి. ఇక్కడ అందరికీ తెలిసిన సంగతే. మాకే అవసరం పడక తెలియలేదు.

"పోన్లే వదినా. సాక్సులు చాలు. పెట్టెలో కాళ్ళెవరు చూస్తారు?"

"నేను చూస్తాను," అన్నాను.

"అది కాదు వదినా..."

"నువ్వు రాకపోతే మానెయ్. ట్యాక్సీలో వెళ్తాను."

అన్న పోయినవాడి మీద అలా అరవకూడదు, తెలుసు. కానీ ఆ నాలుగు రోజుల్లో నేను నోరు తెరిస్తే కోపమే వచ్చేది, మరేదీ వచ్చేది కాదు. అతను కారు తాళాలు తీసుకున్నాడు.

మాల్‌లో బూట్ల కొట్టు. ఏసీ చల్లగా ఉంది, అగరు వాసన వస్తోంది. సేల్స్‌మన్ మలయాళీ కుర్రవాడు, హిందీలో పలకరించాడు. సార్‌కా అన్నాడు, మా మరిదిని చూస్తూ. కాదు, మావారికి అన్నాను.

"ఏ అకేషన్‌కి మేడమ్? ఆఫీసుకా, పెళ్ళికా?"

"ఫంక్షన్."

"పగలా, సాయంత్రమా?"

ఫ్లైటు సాయంత్రం. పూడ్చేది మర్నాడు పొద్దున. "పగలు," అన్నాను.

అతను వరసగా తెచ్చి పెట్టడం మొదలెట్టాడు. అద్దంలా మెరిసేవి తెస్తే అవి రాత్రి పార్టీలకి, వద్దన్నాను. గోధుమరంగువి తెస్తే నల్ల సూటు కిందకి అవెలా బావుంటాయి, తీసెయ్యమన్నాను. లేసుల్లేకుండా తొడుక్కునేవి తెస్తే, "పెద్ద ఫంక్షన్, లేసులున్నవే ఇవ్వు," అన్నాను. ముక్కు సూదిగా ఉన్నవి చూడగానే ఆయన అనే మాట గుర్తొచ్చింది, వీటితో తేలుని చంపొచ్చేగానీ నడవలేమని. అదే మాట సేల్స్‌మన్‌తో అన్నాను, హిందీలో. అతను నవ్వాడు. నేనూ నవ్వాను. మా మరిది అటు తిరిగి అద్దాల్లోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

చివరికి ఒకటి దొరికింది. నల్లది, ముక్కు గుండ్రంగా, పైన ఏ డిజైనూ లేకుండా, మెత్తటి తోలు. సైజు ఎనిమిది, వెడల్పు. మడమ దగ్గర బొటనవేలితో నొక్కి చూశాను. కాస్త గట్టిగా ఉంది.

"ఇది వెనక కరుస్తుందా?"

"రెండు రోజులు ఇంట్లో వేసుకుని తిరిగితే సెట్టైపోతుంది మేడమ్."

"ఆయన ఎక్కువ నడవరు."

"అయితే ఇంకేం, చాలా రోజులొస్తాయి. సైజు తేడా వస్తే బిల్లు తీసుకురండి, మార్చిస్తాం. సార్‌ని ఒకసారి తీసుకొస్తే ఇంకా మంచిది."

మా మరిది కొట్లోంచి బయటికెళ్ళిపోయాడు. నేను లోపల రెక్సిన్ వేశారా తోలు వేశారా అని ఇంకా అడుగుతూనే ఉన్నాను. రెక్సిన్ అయితే చెమట పడుతుంది, కాలు నానుతుంది. ఇదంతా నేను అడిగాను. నిజంగానే అడిగాను, బేరమాడే మనిషిలా కుదురుగా నిలబడి. అప్పుడేమీ అనిపించలేదు. ఆయన నన్ను అడిగింది అదొక్కటే. పాతికేళ్ళ కాపురంలో నాకది చెయ్యి, ఇది చెయ్యి అని నోరు తెరిచి అడిగిన మనిషి కాదు. ఈ ఒక్కటీ సరిగ్గా జరిగితే చాలు, ఇంకేదెలా పోయినా ఫరవాలేదనిపించింది.

ఇంటికొచ్చి, కొబ్బరినూనె వేలికద్దుకుని, రెండు బూట్లకీ లోపల మడమ దగ్గర పట్టించాను. మా అమ్మ మాకు కొత్త చెప్పులకి అలాగే చేసేది. నూనె తోలులోకి ఇంకేదాకా బొటనవేలితో రుద్దుతూ కూర్చున్నాను. మర్నాడు పొద్దున ఇంకోసారి రాశాను. మెత్తబడింది.

శుక్రవారం పొద్దున జనం వచ్చారు. ఇంత చిన్న హాల్లో అంతమంది ఎలా పట్టారో తెలియదు. ఇక్కడ మా కూడికలన్నీ ఇళ్ళల్లోనే, నేల మీద దుప్పట్లు పరుచుకుని. ఊరి గుడి మెట్ల దగ్గర విప్పినట్టే చెప్పులు ఇక్కడ ఫ్లాటు బయట కారిడార్‌లో విప్పుతారు. ఎదురు ఫ్లాటు ఫిలిప్పీన్స్‌ వాళ్ళు అలవాటుపడిపోయారు, చెప్పులు తొక్కకుండా పక్కనుంచి నడుస్తారు. ఆ రోజు అందరూ నల్ల ప్యాంట్లు, నల్ల బూట్లు. లిఫ్టు దాకా వరస.

హాల్లో ఓ మూల హ్యాంగరుకి సూటు వేలాడుతోంది. దాని కింద కొత్త బూట్లు పెట్టాడు మా మరిది. పాస్టరుగారు ఆ పక్కనే బైబిలు తెరిచి కూర్చోబోయారు. నేను చటుక్కున వంగి బూట్లు తీసేశాను. ప్రార్థన జరిగే చోట, బైబిలు పక్కన, బూట్లేంటి? అవి ఇంకా ఎవరూ వేసుకోనివి, మట్టి అంటనివి అన్న సంగతి బుర్రకి తట్టనే లేదు. పుట్టినప్పట్నుంచీ చేసిన అలవాటు, చెయ్యి దానంతటదే చేసేసింది. తలుపు తీసి, గుమ్మం పక్కన అందరి బూట్లతో పాటు పెట్టి వచ్చి కూర్చున్నాను.

ఆయన ప్రభువునందు నిద్రించారని చెప్పారు పాస్టరుగారు. అందరూ కళ్ళు మూసుకున్నారు. చాలాసేపు ప్రార్థించారు. మధ్యలో ఎవరి ఫోనో మోగింది, ఎవరో లేచి వెళ్ళారు, తలుపు చప్పుడైంది. నేను కళ్ళు తెరవలేదు. తర్వాత ఆమెన్ అన్నారు. ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి పట్టుకుని వెళ్ళారు. కారిడార్ ఖాళీ అయింది. మార్చురీకి బయల్దేరదామని సూటు కవర్లో పెట్టి, బూట్ల కోసం బయటికొచ్చాను.

గుమ్మం పక్కన ఒకే ఒక జత ఉంది. నల్లవే, లేసులవే, ముక్కు గుండ్రంగానే ఉంది. కానీ పాతవి. తిరగేసి చూస్తే మడమలు ఒక పక్కకి అరిగి ఏటవాలుగా ఉన్నాయి. లోపల సైజు తొమ్మిది.

అరిచాను. కారిడార్ దద్దరిల్లేలా అరిచాను. "ఎవడ్రా ఆ కళ్ళు కనపడని దరిద్రుడు! చచ్చిపోయినవాడి బూట్లేసుకుపోయాడు! వాడి కాళ్ళు పడిపోనూ!" ఎదురు ఫ్లాటు తలుపు సగం తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. మరిది మెట్లన్నీ దిగి రోడ్డు దాకా వెళ్ళొచ్చాడు. ఎవరూ లేరు. నంబరు ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. నావి నా కాళ్ళకే ఉన్నాయి అన్నవాళ్ళే అందరూ. కొత్తవి కొందామంటే శుక్రవారం పొద్దున, జుమ్మా నమాజు అయ్యేదాకా కొట్లన్నీ మూసుంటాయి. ఈలోపు మందూబ్ నుంచి ఫోన్. యల్లా, కదలండి, వాన్ వచ్చేసింది, టైము దాటితే ఫ్లైటు పోతుందని.

"వదినా, ఇవే ఇద్దాం," అన్నాడు మరిది, ఆ పాతవి చేత్తో పట్టుకుని. "ఏం చేద్దాం మరి?"

పెళ్ళికీ అరువే, పోయేటప్పుడూ అరువే. ఆ బూట్లకి గుడ్డ పెట్టి తుడిచి, లేసులు సరిచేసి ఇచ్చాను.

మార్చురీలో బెంచీ మీద కూర్చోబెట్టారు. మరిది లోపలికెళ్ళి బట్టలిచ్చాడు. కాసేపటికి అక్కడ పనిచేసే పెద్దాయన వచ్చి అయిపోయింది, చూడండి అని పిలిచాడు. "బూట్లు బాగా పట్టాయి బెహన్," అన్నాడు హిందీలో. "కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. చాలామంది సరిగ్గా సైజు చూసి తెస్తారు, ఎక్కవు. వెనక కోసి తొడగాల్సొస్తుంది. ఇవి హాయిగా ఎక్కాయి."

ఏదో చెబుతున్నాడని విన్నాను. నాకు కనబడింది మాత్రం అరిగిన మడమలే. మంచి సూటు, మంచి టై, నున్నగా దువ్విన జుట్టు, కింద ఎవడివో తొక్కి తొక్కి వదిలేసిన బూట్లు. అడిగిన ఒక్కటీ చెయ్యలేకపోయాను అనుకున్నాను. దానికి కూడా ఏడుపు రాలేదు.

ఊళ్ళో పెట్టె తెరిచినప్పుడు అందరూ మొహం చూసి ఏడుస్తుంటే, మా ఆడపడుచు వరసావిడ కాళ్ళ వైపు నిలబడి, "అన్నేళ్ళు దుబాయ్‌లో చేశాడు, కాళ్ళకి పాతబూట్లా తొడిగారు?" అని పక్కావిడతో అంది. నా చెవినపడాలనే అంది. దుబాయ్ కాదు ఖతర్ అనబోయి ఊరుకున్నాను. మా అమ్మాయి నా మొహంలోకి చూసింది. పెట్టె మూశారు, సమాధుల తోటకి తీసుకెళ్ళారు, అయిపోయింది.

సెలవు అయ్యాక తిరిగొచ్చేశాను. నేను స్కూలు ఆఫీసులో పనిచేస్తాను, అమ్మాయి చదువింకా ఉంది, రాక తప్పదు. పొద్దున లేవడం, బస్సెక్కడం, రావడం, ఏదో తినడం. కూడికలవాళ్ళ వాట్సాప్ గ్రూపు తెరిచి చూసిందే లేదు. గుమ్మం దగ్గర స్టూలు అక్కడే ఉంది. దాని మీద ఎవరూ కూర్చోలేదు, నేను జరపనూ లేదు. తుడిచేటప్పుడు చుట్టూ తుడిచేదాన్ని.

ఒక శుక్రవారం మధ్యాహ్నం బెల్ మోగింది. తీస్తే మా కూడికలకి వచ్చే మనిషి. కడప వైపు అతను, నలభై దాటినవాడు, అల్ ఘర్రాఫాలో ఒక విల్లాలో హౌస్ డ్రైవరు. ఎప్పుడూ వెనక వరసలో గోడకానుకుని కూర్చుంటాడు. కాళ్ళకి రబ్బరు చెప్పులు, చేతిలో ప్లాస్టిక్ కవరు.

"వందనాలక్కా. ఒగ మాట చెప్పి పోదామని వచ్చినా."

కవర్లోంచి బూట్లు తీశాడు. నల్లవి, ముక్కు గుండ్రంగా, మెత్తటి తోలు. కొత్తగా పాలిష్ పెట్టి ఉన్నాయి.

"నువ్వా!" అన్నాను. "నువ్వా తీసుకుపోయింది? కళ్ళు నెత్తికెక్కాయా నీకు? ఎవరివి వేసుకుంటున్నావో చూసుకోక్కర్లేదా? ఊళ్ళో అందరి ముందూ నా పరువు..." ఇన్నాళ్ళూ దాచిపెట్టుకున్న తిట్లన్నీ వచ్చేశాయి. అతను తల వంచుకుని నిలబడ్డాడు. నాకు ఊపిరందక ఆపాను.

"ఆ పొద్దు మేడం ఫోన్ చేసిందక్కా, పిల్లోల్లను తీస్కపోవల్ల, యల్లా యల్లా అని. ప్రార్థన అయిపోకముందే లేసినా. నేల మీద కూసోని కాళ్ళు తిమ్మిరెక్కి ఉండె. నల్లబూట్లు కనపడినాయి, ఏసుకోని ఉరికినా. ఇరుగ్గా అనిపించింది గానీ, కాళ్ళు వాసినాయేమో అనుకున్యా. అయి ఎవురియో నాకు తెలీదక్కా. గ్రూపులో ఎన్నిసార్లు పెట్టినా ఎవురూ నావి అన్లేదు."

"మరి ఇన్నాళ్ళూ?"

"నాకు ఉండేది ఒగటే జత కదక్కా. డ్యూటీకి నల్లబూట్లు లేకుంటే మా బాబా, ఆ ఇంటి యజమాని, ఒప్పుకోడు. వీటితోనే నడిపినా. మొన్న పాలిష్ పెడదామని చెయ్యి లోపల పెడితే కొబ్బరినూనె వాసనొచ్చె. అడుగున చూస్తే నేను నడిచిన అరుగుదల తప్ప ఇంగేమీ ల్యా, కొత్తయే. ఆ పొద్దు ఎవురి కోసరం కొనింటారో అప్పుడు తట్టింది. ఇంగ వాటిని కాళ్ళకి ఏసుకోలేదు." మొహమాటంగా అడిగాడు. "నా పాతయి యాడన్నా పెట్టినావా అక్కా? పారేసినా పర్వాల్యా."

"నీవి ఆయన వేసుకెళ్ళారు తమ్ముడూ," అన్నాను.

అర్థం కానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. "అయ్యో దేవుడా," అని తల మీద చెయ్యి పెట్టుకుని, వెనక ఏముందో చూసుకోకుండానే ఆ స్టూలు మీద కూలబడ్డాడు. "నా పాతబూట్లా? అన్నకా? అరిగిపోయినయి కదక్కా అయి!"

ఆ సాయంత్రం ఆయన కూర్చున్నట్టే, ఆ స్టూలు మీద ముందుకి వంగి కూర్చున్నాడు. "లే! అక్కడ కూర్చోకు!" అని అరిచాను. అతను బెదిరిపోయి లేవబోయాడు. ఆ కంగారులో రబ్బరు చెప్పు కాలి నుంచి జారింది. మడమ కనబడింది. తోలు లేచిపోయి, ఎర్రగా, చుట్టూ పచ్చబడి. రెండో కాలికీ అంతే.

లేవకు, ఉండు అన్నాను. లోపలికెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చాను. అతని ముందు నేల మీద ఎప్పుడు కూర్చున్నానో నాకే తెలియదు. చెయ్యి పట్టమని, అరచేతిలో నూనె పోశాను.

అతను నూనె పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "అన్నకి సరిపోయినాయా అక్కా?" అన్నాడు, చాలా మెల్లగా.

ఆ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలేదు. మార్చురీలో ఆ పెద్దాయన చెప్పింది, నేను విననట్టే కూర్చున్నది, మాట మాటా చెవిలో వినబడింది.

"సరిపోయాయి," అన్నాను. "కాళ్ళు వాచాయట. నేను కొన్నవయితే ఎక్కేవి కాదట, వెనక కోసి తొడిగేవాళ్ళట. నీవి హాయిగా పట్టాయన్నాడు. అస్సలు కరవలేదు తమ్ముడూ. ఆయనకి అస్సలు కరవలేదు."

అంటూ అంటూనే ఏడుపొచ్చేసింది. కడుపులోంచి, ఆపుకోడానికి వీల్లేకుండా, ఎదురు ఫ్లాటుకి వినబడేలా ఏడ్చాను. అతను ఏం చెయ్యాలో తెలియక, తల దించుకుని, నూనె మడమకి రాసుకోవడం మొదలెట్టాడు. వేలు తగిలినప్పుడల్లా పళ్ళు బిగబట్టాడు.

"మెల్లిగా," అన్నాను ఏడుస్తూనే. "మెల్లిగా రాసుకో. మంట పుడుతుంది."